రిటర్ను లైను

ఏడు రోడ్ల జంక్షన్‌లో ఏ రోడ్డు పట్టుకున్నా
ఆ పురుళ్ల ఆసుపత్రికే వచ్చేస్తామని
మా మేస్త్రీ గౌరునాయుడు అబద్ధమాడతాడు.
ఒకటే సందు. మందుల షాపు పక్క మెట్లు.

మేడ మీద సోలారు ట్యాంకు,
నిన్నటి ఎండని కడుపులో దాచుకుని.
కింద పసిగుడ్లకి ఒళ్లు తుడిచే గదిలో కుళాయి.
మధ్యన తొంభై అడుగుల అంగుళం పైపు,
దాన్నిండా చల్లారిపోయిన నీళ్లు.

తెల్లారగట్ల నాలుగింటికి సన్నెమ్మ కుళాయి తిప్పుతుంది.
మొదట రాత్రి వస్తుంది.
రాత్రంతా కారిపోతే గానీ ఎండ రాదు.
ముప్పావు బకెట్టు రాత్రి,
తూములోకి.

డాక్టరమ్మకి మందుల చీటీ వెనక గీసి చూపించాను:
ఇది దిగే పైపు, ఇది కుళాయి దగ్గర్నుంచి మళ్లీ మేడెక్కే పైపు,
ఇక్కడ బత్తాయంత మోటారు,
నీరు ఎదురు తిరగకుండా ఒక వాల్వు,
గంటలు చూసుకోడానికి టైమరు.
నీళ్లని నిలబడనివ్వకూడదమ్మా, అంతే కిటుకు.
రోజుకి పదకొండు బకెట్లు మిగులుతాయి.
ఆవిడ పదకొండు కింద రెండు గీతలు గీసింది.

సన్నెమ్మ తడిగుడ్డ పిండుతూ వింది.
"అయితే బాబూ, నీలు కిందకొచ్చి మల్లీ ఎల్లిపోతాయేటి?"
"మనం తియ్యకపోతే ఎల్లిపోతాయి పిన్నీ, కాగి మల్లీ వస్తాయి."
"మా అల్లుడూ అంతే," అంది,
"కాగే వస్తాడు."

మూడు రోజులు గోడ కొట్టాం.
బాలింతల మంచాల మీద సిమెంటు దుమ్ము,
ఆమదాలవలస నుంచి వచ్చిన ఒక ముసలాయన
మమ్మల్ని తరతరాలుగా తిట్టాడు.
పైపులకి నల్లటి ఫోము తొడిగాం.
నా వేళ్లకి అంటిన జిగురు
అన్నం ముద్దలో కూడా వాసనేసింది.

నాలుగో రోజు చీకట్నే మోటారు వేశాను.
చెవి పెడితే తప్ప వినపడని రొద,
నిద్దట్లో పిల్లి గురగురలాగ.
సన్నెమ్మ కుళాయి తిప్పి చెయ్యి పెట్టింది.
ఒకటి, రెండు... మూడనే లోపు
"ఓలమ్మో, బేగొచ్చేసింది!"
గంట కిందట పుట్టిన గుంట
ఆ కేకకి ఉలిక్కిపడి ఏడ్చింది.
మేస్త్రీ నా వీపు తట్టాడు. బిల్లు రాశాడు.

వారం తర్వాత
ఒక జాయింటు చెమ్మగా ఉందంటే వెళ్లాను.
మూల బోర్లించి ఉండే నీలం బకెట్టు
అక్కడ లేదు.

"నీలు బాగున్నాయా పిన్నీ?"
"బాగున్నాయి బాబూ, దోసం లేదు."
మోకాలు పట్టుకుని వంగింది.
"ఆ సల్లనీలు పోయినంత సేపూ
బకెట్టు మీద కూకునీదాన్ని."

మూడు నిమిషాలు. రోజుకి పది పన్నెండు సార్లు.
ఇప్పుడు నీళ్లకి ఆలస్యం లేదు కాబట్టి
హెడ్ నర్సు రెండు గదులు ఎక్కువ తుడవమందట.

నేను బకెట్లు లెక్క కట్టాను.
అడుగులు, అంగుళాలు, యూనిట్లు లెక్క కట్టాను.
బోర్లించిన బకెట్టుని
ఖాళీ బకెట్టనే అనుకున్నాను.

జాయింటు బిగించాను.
వరండాలో హెడ్ నర్సు ఎదురైతే,
పని నేర్చుకున్న చోట అబద్ధమూ నేర్చుకుంటాం కదా,
"మేడమ్, ఇప్పుడు నీళ్లు మరీ వేడిగా వస్తన్నాయి.
పసిపిల్లలకి ప్రమాదం.
తొట్టెలో పట్టాక మూడు నిమిషాలు ఆరనివ్వాలి,
మనిషి పక్కనే ఉండి చూసుకోవాలి," అన్నాను.
ఆవిడ గోడ మీద కాగితం అంటించింది.

నీలం బకెట్టు మెట్ల కింద దొరికింది,
చీపుళ్లు కుక్కి.
కడిగి,
తెచ్చి,
బోర్లించాను.